ముందు ఫోర్కులో టకటక: చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడం, విప్పి మళ్ళీ కట్టడం

స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు ఏమీ వినపడదు. దిగేటప్పుడు మాత్రం హ్యాండిల్ కింద ‘టక్’ మంటుంది. బండి షెడ్డుకి తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే మాట ఒకటే: “షాకబ్జర్లు పోయాయి, ఆయిల్ సీల్స్ మార్చేద్దాం.” సీల్స్ మారతాయి, డబ్బులు ఖర్చవుతాయి, ఆ టక్ మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే ఆయిల్ సీలు కారుతుందే గానీ తనంతట తాను చప్పుడు చెయ్యదు. అది కారి లోపల ఆయిల్ తగ్గితే చప్పుడొస్తుంది, అది వేరే సంగతి. కాబట్టి పానా పట్టుకునే ముందు ఓ అరగంట చెవులకీ వేళ్ళకీ పని చెప్పండి.

ఇక్కడ చెప్పేది స్ప్లెండర్, షైన్, పల్సర్ 150, క్లాసిక్ 350 లాంటి బళ్ళకుండే మామూలు టెలిస్కోపిక్ ఫోర్కు గురించి. దీనికి రెండు కాళ్ళు. ఒక్కో కాల్లో పైన క్రోమ్ పైపు, కింద అల్యూమినియం బాటమ్ కేసు, లోపల స్ప్రింగు, ఆ స్ప్రింగు ఊగుడుని ఆయిల్‌తో అదుపు చేసే డ్యాంపర్ రాడ్డు. డ్యూక్ లాంటి బళ్ళకుండే తలకిందుల ఫోర్కులకి ఈ పద్ధతి పనికిరాదు. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఫోర్కు విప్పే తీరు కూడా వేరే.

ఫోర్కు కానివాటిని ముందు పక్కన పెట్టండి

టైరు పక్కన పిడికిలితో గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టి వినండి. నంబర్ ప్లేటు, హారన్, హెడ్‌లైట్ బోల్టులు, మడ్‌గార్డ్ స్టే, బ్రేక్ కేబుల్ క్లిప్పు వదులుగా ఉంటే అక్కడే గలగలమంటాయి.

డిస్క్ బ్రేకున్న బండైతే ఇంకో పరీక్ష. గతుకుల రోడ్డు మీద 20 కి.మీ. వేగంలో వెళ్తూ, బ్రేకు పట్టీ పట్టనట్టు లివర్‌ని కాస్త నొక్కండి. గలగల టక్కున ఆగిపోతే తప్పు ఫోర్కుది కాదు. కాలిపర్‌లో (డిస్కుని పట్టే బ్రేకు దిమ్మలో) ప్యాడ్లు ఆడుతున్నాయి, లేదా ప్యాడ్ స్ప్రింగు సాగిపోయింది, లేదా స్లైడ్ పిన్నులు అరిగాయి. ఫోర్కు విప్పించుకున్న బళ్ళలో ఈ రకం తక్కువేమీ కాదు.

తర్వాత కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బాల్ బేరింగులు. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీతో ముందు చక్రం నేల మీద నుంచి లేపండి. రెండు బాటమ్ కేసుల్నీ యాక్సిల్ దగ్గర పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. ఈలోపు ఇంకొకరు కింది టీకీ (టీలంటే ఫోర్కు పైపులు రెంటినీ పట్టి ఉంచే అడ్డ బిగింపులు, పైన ఒకటి, కింద ఒకటి) ఛాసిస్ గొట్టానికీ మధ్య సందులో వేలు ఆనించి ఉంచాలి. కదలిక ఆ వేలికి తెలిస్తే కోన్ సెట్టు వదులైంది. వేలిని తీసి పైపు బాటమ్ కేసులోకి దిగే చోట, డస్ట్ సీలు (దుమ్ము లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగు) అంచు మీద పెట్టమనండి. అక్కడ తెలిస్తే బుష్షు (పైపు ఆనుకుని జారే రింగు) లేదా బాటమ్ కేసు లోపలి బోరు (పైపు దిగే రంధ్రం) అరిగింది. బయట చెవికి రెండూ ఒకే టక్, తేడా చెప్పేది వేలే.

చక్రం గాల్లో ఉండగానే హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్టులో బాల్స్ తాము దొర్లే ఉక్కు రింగుని (రేసుని) నొక్కి గుంటలు చేశాయన్నమాట. బిగించి లాభం లేదు, సెట్టు మార్చాల్సిందే.

చప్పుడు చెప్పే సంగతులు

గుంత దాటాక, చక్రం కిందికి జారేటప్పుడు వచ్చే టక్ ఒకటి. ఫోర్కు పూర్తిగా సాగి చివరికి తగులుతోంది. ఆయిల్ తగ్గి ఉండొచ్చు, నీళ్ళలా పలచబడి ఉండొచ్చు, డ్యాంపర్ రాడ్డు మీదుండే చిన్న రీబౌండ్ స్ప్రింగు విరిగి ఉండొచ్చు.

గుంతలో పడ్డప్పుడు, బ్రేకు గట్టిగా పట్టినప్పుడు వచ్చే ‘ఠంగ్’ ఇంకొకటి. ఫోర్కు పూర్తిగా కుంగి అడుగుకి తగులుతోంది. దీన్ని ఖాయం చేసుకోవడానికి ఒక ప్లాస్టిక్ కేబుల్ టై చాలు. పైపు చుట్టూ కట్టి, డస్ట్ సీలుకి ఆనేదాకా కిందికి జరిపి, మీరు రోజూ తిరిగే దారిలో ఓ రౌండు వేసి రండి. టై ఎంత పైకి జరిగిందో అంత ఫోర్కు లోపలికి దిగినట్టు. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350కి ముందు ట్రావెల్ (ఫోర్కు కుంగగల దూరం) 130 మి.మీ. ఆ బండిలో టై మామూలు దారిలోనే 120 దాటి జరిగితే ఆయిల్ మట్టం తక్కువగా ఉంది, లేదా స్ప్రింగు కుంగింది.

బ్రేకు పట్టినప్పుడల్లా ఒకే ఒక్క టక్ వస్తే కోన్ సెట్టు, బుష్షు, కాలిపర్, ఈ వరసలో చూడండి. కిర్రుకిర్రుమంటే డస్ట్ సీలు ఎండిపోయింది, లేదా రెండు కాళ్ళూ సమాంతరంగా లేక పైపు పట్టేస్తోంది. హ్యాండిల్ నొక్కి వదిలితే ‘చుస్స్’ మని చిన్నగా వినిపిస్తుందా? అది చిన్న రంధ్రాల్లోంచి ఆయిల్ పారే చప్పుడు. దాని జోలికి పోకండి.

ఈ టక్ ఎందుకొస్తుందో లోపలి పని తెలిస్తే సులభంగా అర్థమవుతుంది. ఫోర్కు కుంగేటప్పుడు డ్యాంపర్ రాడ్డు అడుగునున్న పెద్ద రంధ్రాల గుండా ఆయిల్ పైకి వెళ్తుంది, పెద్దగా అడ్డు ఉండదు. సాగేటప్పుడు రాడ్డు తలకీ పైపు అడుగుకీ మధ్య చిక్కుకున్న ఆయిల్, సన్నటి రంధ్రం గుండా నెమ్మదిగా బయటికి రావాలి. ఆ నెమ్మదే డ్యాంపింగ్. ఆయిల్ తక్కువైతే ఆ గదిలో గాలీ నురగా నిండుతాయి. గాలి అడ్డుకోదు, చక్రం బరువంతా ఒక్కసారిగా జారి రీబౌండ్ స్ప్రింగుకి కొట్టుకుంటుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఆయిల్ సీల్స్ 2, డస్ట్ సీల్స్ 2, అడుగు అలెన్ బోల్టుల రాగి వాషర్లు 2, పై క్యాపుల ఓ రింగులు 2, తుప్పు పట్టుంటే సీల్ లాక్ క్లిప్పులు. మీ ఫోర్కుకి విడిగా బుష్షులుంటే అవి కూడా. చాలా చిన్న బళ్ళకి విడి బుష్షు ఉండదు, బాటమ్ కేసు బోరే బుష్షు పని చేస్తుంది. అది అరిగితే కేసు మార్చడమే.

ఆయిల్ విషయంలో కాస్త ఆగాలి. 100 నుంచి 150 సీసీ బళ్ళకి ఒక్కో కాలికి సుమారు 150 నుంచి 200 మి.లీ. పడుతుంది. ఖచ్చితమైన అంకె మీ బండి సర్వీస్ మాన్యువల్లో చూసుకోండి, పక్క బండిది పనికిరాదు. ఎక్కువ కంపెనీలు చెప్పేది 10డబ్ల్యూ (ఇది చిక్కదనం చెప్పే అంకె) ఫోర్కు ఆయిలే. “గట్టిగా ఉంటుంది సార్” అంటూ 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ పోసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అది 40 డిగ్రీల దగ్గర 10డబ్ల్యూ ఫోర్కు ఆయిల్ కంటే దాదాపు మూడు రెట్లు చిక్కగా ఉంటుంది. సాగడం మందగిస్తుంది. మొదటి గుంతకి కుంగిన ఫోర్కు తిరిగి లేచేలోపే రెండో గుంత వస్తుంది. నాలుగో గుంతకి ఫోర్కు అడుగునే ఉంటుంది, ఠంగ్ అంటుంది. గట్టితనం కోసం పోసిన ఆయిలే కొత్త చప్పుడు తెస్తుంది.

పనిముట్లకి అలెన్ కీల సెట్టు, రింగు పానాలు, స్టీలు స్కేలు, 60 మి.లీ. సిరంజి, దానికి సరిపోయే సన్నటి గొట్టం, కొలత గ్లాసు, సీలు సైజుకి కోసిన పీవీసీ పైపు ముక్క, కిరోసిన్, నూలు రాలని గుడ్డ, నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా మరలకి రాసే జిగురు). టార్క్ రెంచి ఉంటే మంచిది.

విప్పడం

1. చక్రం నేల మీద ఉండగానే పై టీ పించ్ బోల్టు (పైపుని టీలో బిగించి పట్టే బోల్టు) వదులు చేసి, పై క్యాపుని అర తిప్పు తిప్పండి. అంతకంటే వద్దు. ఫోర్కు బయటికి తీశాక పైపుని చేత్తో పట్టుకుని ఈ క్యాపు తిప్పాలంటే చుక్కలు కనిపిస్తాయి, పైపుని వైసులో బిగిస్తే క్రోమ్ పోతుంది. పై టీ మీద పైపు ఎంత ఎత్తు కనిపిస్తోందో స్కేలుతో కొలిచి రాసుకోండి.

2. బండి లేపి చక్రం తీయండి. కాలిపర్ విప్పి, తాడుతో హ్యాండిల్‌కి వేలాడదీయండి. గొట్టం మీద బరువు పడకూడదు. ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టండి, పొరపాటున ఎవరైనా లివర్ నొక్కితే పిస్టన్ బయటికొస్తుంది. తర్వాత మడ్‌గార్డ్.

3. కింద, బాటమ్ కేసు అడుగున అలెన్ బోల్టుంటుంది. లోపల స్ప్రింగు బిగువు ఉండగానే దాన్ని కదిలించాలి. ఒకరు కాలుని గట్టిగా నొక్కి పట్టుకుంటే ఇంకొకరు బోల్టు వదులు చేయండి. అప్పటికీ లోపల రాడ్డు కూడా తిరిగిపోతుంటే ఇంపాక్ట్ గన్ను ఒక్క క్షణం వాడితే ఊడుతుంది. గన్ను లేకపోతే స్ప్రింగు తీశాక, చీపురు కర్రని కొన తగ్గేలా చెక్కి పైపులోకి దింపి, రాడ్డు తలలోకి సుత్తితో రెండు దెబ్బలు బిగించి, కర్రని పట్టుకుని బోల్టు తిప్పండి. కర్ర పొట్టు లోపల రాలుతుంది, కడిగేటప్పుడు గుర్తుంచుకోండి.

4. రెండు కాళ్ళూ ఒకేసారి విప్పకండి. రెండోది సరిగ్గా ఉన్న నమూనా. ఏది ఎటు తిరిగి ఉందో అనుమానం వస్తే దాన్నే అడగాలి.

5. కింది టీ పించ్ బోల్టు కూడా వదులు చేసి, కాలుని టీల్లోంచి కిందికి లాగి తీయండి. పై క్యాపు చివరి రెండు చుట్లలో స్ప్రింగు ఎగదన్నుతుంది. మొహం పక్కకి పెట్టి, అరచేత్తో కిందికి నొక్కుతూ తిప్పండి. కొన్ని బళ్ళకి క్యాపు బదులు వైరు క్లిప్పు ఉంటుంది. మూతని లోపలికి నొక్కి పట్టుకుని క్లిప్పు తీసి, నెమ్మదిగా వదలాలి. స్పేసరు, వాషరు, స్ప్రింగు వచ్చిన వరసలోనే కాగితం మీద పెట్టండి. స్ప్రింగులో చుట్లు దగ్గరగా ఉన్న వైపు పైకుందో కిందికుందో రాసుకోండి.

6. కాలుని తలకిందులు చేసి కొలత గ్లాసులోకి ఆయిల్ వంచండి. పది పదిహేనుసార్లు పంపు కొట్టినట్టు లాగి నొక్కితే మిగిలింది కూడా వస్తుంది. పారబోయకుండా చూడండి, సగం రోగం ఇక్కడే తెలుస్తుంది. మాన్యువల్ చెప్పినదాంట్లో సగమే ఉంటే టక్‌కి కారణం దొరికినట్టే. ఒక కాల్లో 170, ఇంకో కాల్లో 110 వస్తే రెండో దాని సీలు ఎప్పటి నుంచో కారుతోంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరాయి. వానాకాలం మోకాలి లోతు నీళ్ళలో తిరిగిన బళ్ళలో ఇది మామూలే. వెండి పొడిలా మెరిస్తే అల్యూమినియం అరుగుతోంది, బోరు జాగ్రత్తగా చూడాలి.

7. డస్ట్ సీలుని చుట్టూ కొద్దికొద్దిగా లేపి తీయండి, దాని కిందున్న క్లిప్పు తీయండి. విడి బుష్షులున్న ఫోర్కైతే పైపుని జర్కు ఇస్తూ నాలుగైదుసార్లు బయటికి లాగాలి, బుష్షూ సీలూ కలిసి వస్తాయి. బుష్షు లేనిదైతే పైపు నేరుగా వచ్చేస్తుంది. సీలుని స్క్రూడ్రైవరుతో లేపాలి, అంచు మీద గుడ్డ మడత వేసి. స్క్రూడ్రైవరు జారి బోరు మీద ఒక్క గీత పడ్డా, కొత్త సీలు పక్కనుంచే ఆయిల్ వస్తుంది.

8. బాటమ్ కేసు బోర్లిస్తే కోను ఆకారంలో చిన్న అల్యూమినియం ముక్క జారి పడుతుంది. అదే ఆయిల్ లాక్ పీస్. ఫోర్కు చివరి కొన్ని మిల్లీమీటర్లలో ఆయిల్‌ని బంధించి మెత్తగా ఆపేది ఇదే. కిరోసిన్ ట్రేలో అడుగున పడి చెత్తతో పాటు పోయే ముక్క కూడా ఇదే. ఇది లేకుండా కట్టిన ఫోర్కు ప్రతి పెద్ద గుంతకీ లోహం లోహాన్ని కొట్టినట్టు మోగుతుంది.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

అన్నీ కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే కొత్త ఆయిల్ పలచబడుతుంది.

పైపు మీద గోరు పెట్టి పైనుంచి కిందికి గీయండి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళ బళ్ళకి ఉప్పుగాలికి క్రోమ్ మీద సూదిమొన గుంటలు పడతాయి. పైకి లేచిన తుప్పు మొనని 1500 నంబరు నీటి కాగితంతో (సన్నటి గరుకు కాగితం), పైపు చుట్టూ తిప్పుతూ తీసేయొచ్చు. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంబడే ఆయిల్ పైకొస్తుంది. సీలు తిరిగే భాగంలో గోరు ఆగేంత గుంటలుంటే పైపు మార్చాలి, లేదా హార్డ్ క్రోమ్ వేయించాలి. కొత్త సీలు అక్కడ నెల కూడా నిలవదు.

వంపు కోసం పైపుని మందపాటి గాజు పలక మీద దొర్లించి, కింద వెలుతురు సందు చూడండి. డయల్ గేజి ఉంటే ఇంకా మంచిది, చాలా మాన్యువల్స్ 0.2 మి.మీ. దాకా ఒప్పుకుంటాయి. ఎదురుగా గుద్దుకున్న బండైతే ఈ పరీక్ష వదలొద్దు.

స్ప్రింగులు రెండూ పక్కపక్కన నిలబెట్టి పొడవు కొలవండి. మాన్యువల్లో ఇచ్చిన కనీస పొడవు కంటే తగ్గితే జత మార్చాలి, ఒక్కటే కాదు. టెఫ్లాన్ బుష్షు మీద బూడిదరంగు పూత పోయి, ముప్పావు వంతు పైగా రాగి రంగు తేలితే దాని పని అయిపోయింది. డ్యాంపర్ రాడ్డు తల మీది పిస్టన్ రింగు, రీబౌండ్ స్ప్రింగు విరగలేదని చూసి, రాడ్డు రంధ్రాల్లోంచి గాలి ఊదండి.

కట్టడం

9. రాడ్డుకి రీబౌండ్ స్ప్రింగు తొడిగి పైపులోకి పై నుంచి జార్చండి. కింద బయటికొచ్చిన కొనకి ఆయిల్ లాక్ పీస్ తొడిగి, మొత్తాన్ని బాటమ్ కేసులోకి దింపండి. అలెన్ బోల్టుకి కొత్త రాగి వాషరు, రెండు చుక్కల థ్రెడ్ లాకర్. స్ప్రింగూ క్యాపూ తాత్కాలికంగా పెట్టి బిగువు ఇస్తే రాడ్డు తిరగకుండా బిగుస్తుంది. చాలా చిన్న బళ్ళకి సుమారు 20 న్యూటన్ మీటర్లు చాలు, మీ బండి అంకె చూసుకోండి.

10. విడి బుష్షుంటే ముందు అది, దాని మీద వాషరు. తర్వాత సీలు. పైపు కొన అంచు పదునుగా ఉంటుంది, సీలు పెదవిని కోసేస్తుంది. పలచటి ప్లాస్టిక్ కవరు కొనకి తొడిగి, కవరుకీ సీలుకీ ఫోర్కు ఆయిల్ రాసి జార్చండి. అక్షరాలున్న వైపు పైకి. పీవీసీ ముక్కతో చుట్టూ సమానంగా కొడుతూ దించండి. దిగుతున్నంతసేపూ మెత్తటి చప్పుడు వస్తుంది, అడుగుకి ఆనగానే అది గట్టిపడుతుంది. క్లిప్పు గాడి చుట్టూ పూర్తిగా కనిపించాలి. ఒక పక్కే కనిపిస్తే సీలు వంకరగా కూర్చుంది. క్లిప్పు, డస్ట్ సీలు పెట్టేయండి.

11. ఆయిల్. తాత్కాలికంగా పెట్టిన స్ప్రింగు తీసి, చెప్పినంత పోసి, పైపుని నెమ్మదిగా పదిసార్లు ఆడించండి. పది నిమిషాలు నిలబెట్టి ఉంచండి, బుడగలు పైకి రావాలి. ఇప్పుడు స్ప్రింగు లేకుండానే పైపుని పూర్తిగా కిందికి నొక్కి, పైపు పై అంచు నుంచి ఆయిల్ మట్టానికి ఎంత లోతో కొలవండి. మాన్యువల్ ఈ లోతు ఇచ్చి ఉంటే మి.లీ. కంటే దీన్నే నమ్మండి. విప్పకుండా ఆయిల్ మాత్రమే మార్చినప్పుడు లోపల కొంత మిగులుతుంది, పూర్తిగా విప్పి కడిగితే మిగలదు. అందుకే మి.లీ. లెక్క ఒక్కటే మోసం చేస్తుంది.

కొలిచే తీరు ఇదీ. సిరంజి గొట్టం మీద, కొన నుంచి కావలసినంత లోతు దగ్గర రబ్బరు బ్యాండు చుట్టండి. బ్యాండు పైపు అంచుకి ఆనేదాకా గొట్టం దించి పీల్చండి. ఎక్కువున్న ఆయిల్ వచ్చేస్తుంది, గాలి పీల్చగానే ఆపేయండి. రెండు కాళ్ళకీ అదే బ్యాండు, అదే లోతు. 2 మి.మీ. కంటే తేడా ఉండకూడదు.

ఆయిల్ పైనుండే గాలి రెండో స్ప్రింగు లాంటిది. కేబుల్ టై పరీక్షలో ఫోర్కు అడుగంటిందని తేలి, స్ప్రింగు బాగానే ఉంటే, మట్టం 10 మి.మీ. పెంచి చూడొచ్చు. ఒక్కసారే 30 పెంచితే గాలి ఒత్తిడికి సీలు తన్నేస్తుంది.

12. పైపుని పూర్తిగా పైకి లాగి స్ప్రింగు, వాషరు, స్పేసరు, కొత్త ఓ రింగుతో క్యాపు. క్యాపు మరలు సన్నవి. ముందు వెనక్కి తిప్పండి, మర ఒక చోట చిన్నగా ‘టిక్’ మని దిగుతుంది. అక్కడి నుంచి ముందుకి తిప్పితే అడ్డంగా ఎక్కదు.

13. టీలోకి ఎక్కించి ఇందాక రాసుకున్న ఎత్తుకి సరిచేయండి. ముందు కింది పించ్ బోల్టు, తర్వాత పై క్యాపు, చివర్లో పై పించ్ బోల్టు. మడ్‌గార్డ్ బోల్టులు చేత్తో దిగాలి. లాగి పట్టుకుంటే గానీ రంధ్రాలు కలవకపోతే కాళ్ళ ఎత్తుల్లో తేడా ఉంది, లేదా ఏదో వంగింది.

14. చక్రం ఎక్కించండి. డ్రమ్ము బ్రేకు బండైతే బ్రేకు ప్లేటు గాడి, బాటమ్ కేసు మీదున్న బొడిపెలో కూర్చుందని కళ్ళతో చూడండి. కూర్చోకుండా బ్రేకు పడితే ప్లేటు చక్రంతో పాటు తిరిగి ముందు చక్రం లాక్ అవుతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా వెళ్తాడు. డిస్క్ బండైతే కాలిపర్ కట్టాక లివర్ గట్టిపడేదాకా నొక్కండి, లేకపోతే మొదటి బ్రేకు పడదు.

15. యాక్సిల్ నట్టు బిగించి, యాక్సిల్ పించ్ బోల్టు ఉంటే దాన్ని మాత్రం వదులుగా ఉంచండి. బండి కిందికి దించి, ముందు బ్రేకు పట్టి ఫోర్కుని ఏడెనిమిదిసార్లు బలంగా కుంగదీయండి. రెండు కాళ్ళూ తమంతట తాము సమాంతరంగా సర్దుకుంటాయి. అప్పుడు పించ్ బోల్టు బిగించండి. ఈ పని వదిలేస్తే కొత్త సీల్స్ ఉన్నా కిర్రుమంటుంది, పైపు ఒక పక్క అరుగుతుంది.

ఇంకా చప్పుడొస్తే

పాత స్పీడ్ బ్రేకరు మీదే, అదే వేగంలో వెళ్ళి వినండి. దిగేటప్పుడు టక్ మిగిలితే ఆయిల్ లోతు మళ్ళీ కొలవండి. అది సరిగ్గా ఉంటే రీబౌండ్ స్ప్రింగు, పిస్టన్ రింగు అనుమానించండి. కుంగినప్పుడు ‘ఠంగ్’ అంటుంటే ట్రే వెతకండి, ఆయిల్ లాక్ పీస్ అక్కడే ఉండొచ్చు. పై నుంచి స్ప్రింగు గలగల వినిపిస్తే స్పేసరు గానీ వాషరు గానీ మర్చిపోయారు.

మొదటి రెండు మూడు రోజులు పైపు మీద సన్నటి ఆయిల్ పొర కనిపించడం మామూలే, పెట్టేటప్పుడు రాసిన ఆయిలే అది. తుడిచేశాక కూడా ప్రతి రోజూ మట్టి అంటుకున్న నల్లటి రింగు కనిపిస్తే సీలు కారుతున్నట్టే. డస్ట్ సీలు పైకి జరిపి చూడండి. సీలు పెదవి కింద ఇసుక రేణువు ఇరుక్కుంటే, పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్కని కొక్కెంలా కత్తిరించి పైపు చుట్టూ ఒకసారి తిప్పితే వచ్చేస్తుంది, కారడం ఆగుతుంది. కోన్ సెట్టు కొత్తది వేసి ఉంటే 500 కి.మీ. తర్వాత చక్రం మళ్ళీ గాల్లోకి లేపి, వేలు పెట్టి ఆ సందు ఇంకోసారి చూడండి. కొత్త రేసులు కూర్చుని నట్టు కాస్త వదులవుతుంది.